ఊరి వెలుపలి పువ్వు – తంగేడు



భాద్రపద బహుళ అమావాస్య సమీపించేసరికి తెలంగాణ పల్లెలలో బీడుభూములు, గుట్టల అంచులు, చెరువుకట్టలు పసుపువర్ణం ధరిస్తాయి. ఎవరూ విత్తనం చల్లలేదు, ఎవరూ నీరు పోయలేదు, కంచె వేసి కాపాడినవారు అసలే లేరు. అయినా నిలువెత్తు పొదలు కొమ్మకొమ్మకూ గుత్తులు గుత్తులుగా పూస్తాయి. అదే తంగేడు. పశువు దానిని మేయదు, మేక సైతం చాలావరకు విడిచిపెట్టి పోతుంది. అందుచేతనే మేతకు బోడిగా మారిన భూమిలో కూడా అది నిలిచి ఉంటుంది. ఐదు రేకులు, పది కేసరాలు, జోడుజోడుగా అమరిన చిన్న ఆకులు, ఆకుతొడిమ మొదట చెవితమ్మెవంటి రెండు పత్రపుచ్ఛాలు. ఈ చెవులను చూసే కాబోలు 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి 'చెవులు కలది' అనే అర్థంలో ఆరిక్యులేటా అని నామకరణం చేశాడు. నేటి శాస్త్రజ్ఞులు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. మన నిఘంటువులలోని ఆవర్తకి ఇదేనని ఆయుర్వేదజ్ఞులు గుర్తిస్తారు. ఆ ఆవర్తకికే 'చర్మరంగ' అని మరొక పర్యాయపదం ఉన్నది. ఆ పేరులోనే ఈ పొద చరిత్ర సగం దాగి ఉన్నది. దానిని తరువాత విచారిద్దాం.

కులగోత్రాల మాట వస్తే తంగేడు సామాన్యవంశంలో పుట్టినది కాదు. కాయ రెండు పెచ్చులుగా విచ్చి లోపల గింజలు వరుసగా ఉండే శింబీకులం, అనగా చిక్కుడు కుటుంబం దీనిది. కంది, పెసర, మినుము, శనగ దీని దాయాదులే. వైదికులకు అత్యంత పూజ్యములైన రెండు వృక్షాలు కూడా ఈ వంశానివే. ఒకటి పలాశం, మనం మోదుగ అంటాము. తృతీయలోకంలో ఉన్న సోమాన్ని గాయత్రి తెచ్చేటప్పుడు ఒక పర్ణం తెగి పడగా అది పలాశమైనదని తైత్తిరీయ సంహిత చెబుతుంది. సమిధగా, జుహువుగా, బ్రహ్మచారి దండంగా దాని వినియోగం తెలియని వైదికుడు లేడు. రెండవది శమి, జమ్మిచెట్టు. అగ్నిని సృజించిన ప్రజాపతి అతడు తనను దహిస్తాడేమోనని భయపడి శమితో శాంతింపజేశాడట. ఆ శమనం చేతనే దానికి శమి అని పేరు వచ్చినదని బ్రాహ్మణవాక్యం. శమీగర్భమైన అశ్వత్థంనుండి అరణి తీయడం నేటికీ ఆహితాగ్నుల సంప్రదాయం.

ఇంతటి బంధువర్గం ఉన్నప్పటికీ యజ్ఞవృక్షాల పట్టికలో తంగేడు కనబడదు. అశ్వత్థం, ఖదిరం, ఔదుంబరం, బిల్వం, వికంకతం అని వరుసగా చెప్పుకొంటూ పోయే అధ్యాపకుని నోట తంగేడు మాట రాదు. అర్చనలో నిత్యం వినిపించే జాజి, చంపకం, కరవీరం, కమలాల నడుమ కూడా దీనికి చోటు లేదు. చెట్టుకు శ్రుతిప్రతిష్ఠ లేదు, పువ్వుకు చెప్పుకోదగిన పరిమళం లేదు. అయితే ఏటా తొమ్మిది దినాలపాటు ఒక జనపదం మొత్తం ఈ పువ్వునే అమ్మవారిగా పేర్చి, దాని చుట్టూ ప్రదక్షిణంగా ఆడి, నీళ్ళలో సాగనంపుతున్నది. ఈ రెండింటికీ పొత్తు ఎట్లా అనేది ఆస్తికులకు విచారణీయం.

పుష్పవిధిలో మన పెద్దలు చూసిన సూక్ష్మాలు చాలా ఉన్నాయి. గణపతికి తులసి నిషిద్ధం. విష్ణువుకు అక్షతలు కూడవు. మొగలిపువ్వు ఎంత సుగంధభరితమైనా అసత్యసాక్ష్యం పలికిన కారణంగా శివపూజకు దూరమైనది. అదే శివుడు వాసన లేని జిల్లేడును, విషం నిండిన ఉమ్మెత్తను శిరసున ధరిస్తాడు. అనగా గంధం, వర్ణం, ఔషధగుణం అనేవి అర్హతకు చివరి ప్రమాణాలు కావని శాస్త్రమే అంగీకరించినట్లు. ఇక గీతలో తొమ్మిదవ అధ్యాయంలో పత్రం, పుష్పం, ఫలం, జలం అని భగవానుడు నాలుగింటిని పేర్కొన్నాడు గాని, ఏ పత్రం, ఏ పుష్పం అనే వివరణ ఇవ్వలేదు. వ్యాఖ్యాతలు కూడా అక్కడ భక్తిశబ్దం మీదనే తమ శక్తినంతా వినియోగించారు.

ఒక వేదపాఠశాలలో జరిగిన సంభాషణ ఇక్కడ స్మరించదగినది. శరన్నవరాత్రులలో ఒక విద్యార్థి తన ఆచార్యులను అడిగాడు.

"గురువుగారూ, తంగేడు పూలతో అమ్మవారికి అర్చన చేయవచ్చునా?"

"నీకీ సందేహం ఎందుకు వచ్చింది నాయనా?"

"మా ఊరి గుడికి ఒక అవ్వ ఒడినిండా పూలు తెచ్చిందండి. పూజారిగారు తీసుకోలేదు. ఈ పువ్వు అర్చనకు పనికిరాదని చెప్పి పంపించారు."

"ఆ అవ్వ ఏ వాడనుంచి వచ్చింది?"

విద్యార్థి తల వంచుకున్నాడు. ఊరి చివరి వాడ పేరు చెప్పాడు. ఒకప్పుడు తోళ్ళపని చేసిన కుటుంబం అని కూడా చెప్పాడు.

"ఆమె మల్లెలు తెచ్చి ఉంటే తీసుకునేవారా?"

"ఏమోనండి."

"అయితే నీ సందేహం పువ్వును గురించి కాదు. సరే, నమకంలో నాలుగవ అనువాకం చెప్పు."

విద్యార్థి స్వరయుక్తంగా ఆరంభించాడు. వడ్రంగులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు, పక్షులను పట్టేవారికి, నిషాదులకు, విల్లమ్ములు చేసేవారికి, వేటగాళ్ళకు, చివరకు కుక్కలను పెంచేవారికి సైతం నమస్కారం చెప్పే మంత్రాలవి. అనువాకం పూర్తి అయ్యేదాకా ఆచార్యులు మాట్లాడలేదు. తరువాత కూడా వ్యాఖ్యానం చేయలేదు. మరునాడు అదే అనువాకాన్ని అర్థంతో సహా మళ్ళీ పాఠం చెప్పారని మాత్రం ఆ విద్యార్థులు చెప్పుకొంటారు.

ఇప్పుడు 'చర్మరంగ' అనే పేరు దగ్గరకు రావాలి. తంగేడు బెరడులో కషాయగుణం అత్యధికం. తోలును కుళ్ళిపోకుండా నిలిపే టానిన్ అనే పదార్థం అందులో దాదాపు 18 శాతం ఉంటుంది. పచ్చితోలును సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి ఊరబెడితే అది మెత్తబడి, రంగు దేలి, ఏళ్ళ తరబడి మన్నే తోలు అవుతుంది. తెలుగు పల్లెలలో తరతరాలుగా ఈ పని చేసినవారు మాదిగలు. పంతొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు రేవునుండి విదేశాలకు ఓడలకెక్కిన దక్షిణదేశపు తోలుకు ఆధారం ఈ బెరడే. తరువాతి కాలంలో దక్షిణాఫ్రికా నుండి వచ్చిన తుమ్మజాతి చెట్టు బెరడు, ఆపైన రసాయనాలు దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి.

వ్యవసాయంలో దీని పాత్ర ఏమిటో కూడా చూడాలి. విద్యుత్తు మోటార్లు రాకముందు బావిలో నీటిని పైకి తీసినది మోట. ఆ మోటకు తోలుతొండం కావాలి. ఆ తోలును ఊరబెట్టినది తంగేడు చెక్క. అదే తంగేడు మండలను కొట్టి దమ్ము చేసిన మడిలో తొక్కితే వరికి పచ్చిరొట్ట ఎరువు. అనగా నైవేద్యానికి వచ్చిన ప్రతి బియ్యపు గింజ వెనుకా ఒకప్పుడు తంగేడు ఆకు, తంగేడు బెరడు, ఆ బెరడును దంచిన చేతులు ఉన్నాయి. అన్నం పవిత్రమైనది, నీరు పవిత్రమైనది, ఆ నీటిని తోడిన తోలు మాత్రం మైల, దానిని చేసినవాడు అంతకంటె మైల అనే లెక్క ఏ శాస్త్రదృష్టితో కుదురుతుందో చెప్పడం కష్టం.

యజ్ఞశాలలోనికి తొంగిచూసినా ఈ లెక్క నిలవదు. దర్శపూర్ణమాసాలలో హవిస్సుకు వ్రీహులను దంచే ఉలూఖలం కింద పరిచేది కృష్ణాజినం. దీక్షితుడు కూర్చునేది కృష్ణాజినం మీద. సోమలతను దంచి రసం తీసే ఫలకాల మీద పరిచేది వృషభచర్మం. మహావ్రతంలో భూమిలో గొయ్యి తవ్వి, దానిమీద చర్మం బిగించి, భూమిదుందుభిగా మ్రోగిస్తారు. దేవాలయంలో నేటికీ హారతివేళ మ్రోగే నగారా, డోలు, మృదంగం చర్మవాద్యాలే. తోలు మీద సోమం పవిత్రంగానే ఉన్నది, తోలునాదం దేవుని చెవికి ఇంపుగానే ఉన్నది. ఆ తోలును సిద్ధం చేసిన మనిషి గుడిమెట్టు దగ్గర ఆగిపోవలసి వచ్చినది. ఇది ధర్మసూక్ష్మం అని కొందరు అంటారు. సూక్ష్మం అనే పదాన్ని ఇంత స్థూలమైన అన్యాయానికి వాడడం ఉచితం కాదు.

ఈ విషయంలో శివుని పక్షం ఏదో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ చెప్పాడు. చెన్నయ్య తోళ్ళపని చేసే కులంవాడు. కరికాలచోళుడు నిత్యం సమర్పించే రాజభోజ్యాలను ఆరగించే శివుడు ఒకనాడు చెన్నయ్య ఇంటి గంజి రుచి మరిగి రాజు నైవేద్యాన్ని ముట్టలేదు. కలవరపడిన రాజు కారణం తెలుసుకొని, సింహాసనం దిగి, ఆ భక్తుని వెదుక్కుంటూ అతని వాడకు పోయాడు. దేవుడు ఎక్కడ భుజించాడో తెలిసిన తరువాత రాజు అక్కడికి నడిచి వెళ్ళడం ఈ కథలో ముఖ్యమైన ఘట్టం. మనవారు దీనిని భక్తుని మహిమగా చెప్పి ఊరుకుంటారు గాని, రాజు నడిచిన దారిని గురించి అంతగా మాట్లాడరు.

ఇక బతుకమ్మ. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై, దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిదిరోజుల వ్రతమిది. నడుమ ఆరవనాడు అమ్మ అలిగినదని ఆమెను పేర్చరు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్లపూలను వరుసవరుసగా గోపురంవలె పేర్చి, శిఖరాన పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. ఎన్ని పూలు ఉన్నా తంగేడు లేనిదే బతుకమ్మ లేదనే పట్టుదల స్త్రీలలో ఉన్నది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత బతుకమ్మను రాష్ట్రపండుగగా, తంగేడును రాష్ట్రపుష్పంగా, జమ్మిని రాష్ట్రవృక్షంగా ప్రకటించారు. పువ్వూ చెట్టూ రెండూ ఒకే శింబీకులానికి చెందడం యాదృచ్ఛికం కావచ్చును. అయితే సద్దుల బతుకమ్మ ముగిసిన వెంటనే వచ్చే విజయదశమినాడు ప్రజలందరూ శమీదర్శనానికి ఊరి పొలిమేర దాటి పోతారు. పువ్వు కోసం వెలుపలికి, చెట్టు కోసమూ వెలుపలికి.

మొదటి దినపు నామం అర్చకులకు చిత్రంగా తోస్తుంది. ఎంగిలి! నిన్నటి పువ్వుకు పర్యుషితదోషం ఉన్నదని మనవారి నియమం. తులసికి, బిల్వానికి ఆ దోషం లేదని మినహాయింపు. ముందునాడే కోసి నీళ్ళలో వేసి ఉంచిన పూలతో పేర్చడం చేత ఎంగిలిపూల బతుకమ్మ అనే పేరు వచ్చినదని ఒక వివరణ. దోషాన్ని దాచకుండా పేరుగానే పెట్టుకొని పిలిచిన వ్రతం మరొకటి అరుదు. పైగా అది పితృదేవతల తిథి. ఒక ప్రక్క ఇంటిలో తిలోదకాలు విడుస్తారు, మరొక ప్రక్క వాకిట్లో పూలు పేరుస్తారు.

ఈ పూజకు పురోహితుడు లేడు. సంకల్పం చెప్పించేవారు లేరు, మంత్రపుష్పం లేదు, దక్షిణ అసలే లేదు. స్త్రీలు వలయాకారంగా నిలిచి, వంగి చప్పట్లు చరుస్తూ, ఒకరు పాడగా తక్కినవారు అందుకొంటూ తిరుగుతారు. ఆవాహనం వారి చేతులతోనే, ఉద్వాసనం వారి చేతులతోనే. నిజం చెప్పాలంటే వైదికవృత్తిలో ఉన్నవారికి ఇది కొంత ఇబ్బందికరమైన దృశ్యం. తమ మాట లేకుండానే దేవత వచ్చి కూర్చున్నది. ఆవాహనమంత్రం ఎంత అవసరమో వాదించే పండితుడు ఒక్కసారి సద్దులనాటి సాయంకాలం చెరువుగట్టున నిలబడి చూస్తే, తన వాదానికి మినహాయింపు ఒకటి చేర్చుకోక తప్పదు.

తంగేడుకు సంబంధించి జనపదాలలో చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. ఏడుగురు అన్నలకు ఒక ముద్దుల చెల్లెలు. అన్నలు దూరదేశం పోయినప్పుడు వదిన ఈర్ష్యతో ఆమెకు విషం పెట్టి చంపి, ఊరి వెలుపల పాతిపెట్టినది. ఆ చోట తంగేడు చెట్టు మొలిచి విరగపూసినది. తిరిగివచ్చిన అన్నలు పువ్వు కోయబోగా చెట్టు చెల్లెలి గొంతుతో తన కథ చెప్పినది. ఏటా ఈ పూలలో తనను చూసుకొని పండుగ చేయమన్నది. ఇది ఏ పురాణంలోనిదని అడిగితే సమాధానం లేదు. కాని న్యాయం జరగక నేలలో కలిసిన ఒక ఆడబిడ్డను దేవతగా గుర్తుంచుకొన్న లోకహృదయం అందులో కనబడుతుంది. ఊరు ఎవరిని వెలుపల పాతిపెట్టినదో వారినే పండుగనాడు తాంబాళంలో ఎత్తుకొని లోపలికి తెచ్చుకొంటున్నది.

సాధకులు ప్రాతఃకాలంలో ఒక తంగేడు పొద దగ్గర కొంతసేపు నిలబడితే మరొక విశేషం గమనించవచ్చు. ఈ పువ్వులో మకరందం లేదు. ఉన్నది పుప్పొడి మాత్రమే, అదీ కేసరాల కొనలలోని సన్నని రంధ్రాలలో బంధింపబడి ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకొని, రెక్కలు కదలకుండా దేహమంతా కంపింపజేస్తుంది. ఆ ఝంకారానికి పుప్పొడి రాలుతుంది. ఊరకే వాలి పోయే కీటకానికి దక్కేది స్వల్పం, నాదం చేసినదానికే పువ్వు తెరుచుకొంటుంది. పది కేసరాలలో పైనున్న మూడు వంధ్యములు. తక్కిన వాటిలో పొట్టివి తుమ్మెదకు ఆహారం అందిస్తాయి, పొడవైనవి దాని దేహానికి పుప్పొడి అంటించి మరొక పువ్వుకు పంపుతాయి. ఇష్టిలో పురోడాశాన్ని కొంత దేవతకు హోమం చేసి, కొంత ఇడగా ఋత్విజులు భక్షించే క్రమం తెలిసినవారికి ఈ విభాగం కొత్తగా తోచదు. శ్రీశైలంలో అమ్మవారు భ్రమరాంబగా వెలసినదని విన్న చెవికి ఆ ఝంకారం వేరుగా వినిపించినా ఆశ్చర్యం లేదు. దీనిని సిద్ధాంతంగా చెప్పడం లేదు, మనస్సుకు ఒక ఆలంబనంగా మాత్రమే.

తమిళదేశంలోనూ ఈ పువ్వుకు ఆదరం ఉన్నది. అక్కడ ఆవారం అంటారు. సంక్రాంతికి ముందు కొంగునాడులో వేపాకుతో కలిపి రక్షగా ఇంటి చూరుకు కడతారు. సింహళంలో రణవర అనే పేరుతో ఎండిన పూలను మరిగించి తేనీరులా త్రాగుతారు. మధుమేహానికి మంచిదని మనవారు కూడా కషాయం చేసుకుంటారు గాని, ఇప్పటికే మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా ప్రారంభించడం వివేకం కాదు.

ప్రస్తుతం చింతించవలసినది వేరే ఉన్నది. తంగేడు పెరిగే బీళ్ళు పట్టణాల చుట్టూ ప్లాట్లుగా మారుతున్నాయి. భాగ్యనగరంలో పండుగనాటికి తంగేడు సంచులలో దూరజిల్లాల నుండి రావలసి ఉన్నది, ఎవరూ నాటని పువ్వుకు ధర పలుకుతున్నది. అమెరికాలో ఉన్న మన ఆడపడుచులు దొరికిన చామంతులతోనే తృప్తి పడుతున్నారు, వారిని తప్పు పట్టనక్కరలేదు. ఇక్కడ మాత్రం తొందరలో కొమ్మలకు కొమ్మలు విరిచి తెచ్చే అలవాటు పెరిగినది. పూల వెనుకనే కాయలు రావాలి, కాయలలో గింజ ముదరాలి. అన్ని కొమ్మలూ విరిచిన పొదకు విత్తనం ఉండదు. కాబట్టి గుత్తులు మాత్రం గిల్లి తేవాలి, ఒక్కొక్క పొదమీద సగమైనా వదలాలి.

దేవాలయానికి మాన్యం ఉన్నచోట గట్లమీద, పుష్కరిణి ఒడ్డున తంగేడు పెంచడం సులభం. పలుచని కాయలు గోధుమరంగుకు ఎండినప్పుడు కోసి గింజలు తీయాలి. పైపొర గట్టిది గనుక వేడినీళ్ళు పోసి చల్లారేదాకా ఉంచి, ఒక రాత్రి నాననిచ్చి, తొలకరికి ముందు నాటాలి. గులకరాయి నేల అయినా పరవాలేదు. మొదటి వేసవిలో కాస్త నీరు పోస్తే చాలు. ఆ పూలు కోసుకొనేందుకు ఏ వాడనుంచి ఎవరు వచ్చినా అర్చకులు గేటు తాళం తీసి ఉంచాలి.